కాకతి: ఒక పాత మాట, నాలుగు వాదనలు

వరంగల్‌లో 'కాకతీయ' అనే మాట వినపడని రోజు ఉండదు. 1959లో వచ్చిన వైద్య కళాశాలకు అదే పేరు, 1976లో ఏర్పడ్డ విశ్వవిద్యాలయానికి అదే పేరు. శ్రీరాంసాగర్ నీళ్లు మోసుకొచ్చే కాలువ కాకతీయ కాలువ. 2015లో చెరువుల పూడిక తీయడం మొదలుపెట్టినప్పుడు ఆ పథకానికీ మిషన్ కాకతీయ అనే పేరు పెట్టారు. దుకాణాలు, హోటళ్లు, బడులు, కాలనీల సంగతి చెప్పనక్కర్లేదు. అయితే 'కాకతి అంటే ఏమిటి?' అని బడి పిల్లలెవరైనా అడిగితే మాత్రం జవాబు ఒక్కటిగా రాదు. కొందరు అమ్మవారి పేరంటారు, కొందరు ఊరి పేరంటారు, గుమ్మడికాయ అనేవారూ ఉన్నారు. ఒక్కొక్కరి వెనుకా ఏదో ఒక ఆధారం ఉంది. ఆ ఆధారాలన్నిటినీ ఒకచోట పెట్టి, వేటి బరువెంతో తూచి చూడడమే ఈ వ్యాసం పని.

ముందుగా పక్కనే ఉన్న మరో పేరు చూద్దాం. ఓరుగల్లు అనే పేరులో దాపరికం లేదు. 'ఓరు' అంటే ఒక్క, 'కల్లు' అంటే రాయి. కోట లోపల నిలిచి ఉన్న ఒంటి రాతిగుట్టే ఆ పేరుకు మూలం. సంస్కృతంలో రాసినవారు దాన్నే ఏకశిలానగరం అన్నారు. తెలుగు పేరూ సంస్కృతం పేరూ ఒకే అర్థం చెబుతూ పక్కపక్కనే నిలిచాయి కాబట్టి ఇక్కడ వాదానికి పెద్దగా చోటు లేదు. కాకతికి అలాంటి జోడు మాట లేదు. దాన్ని ఎవరూ సంస్కృతంలోకి మార్చలేదు, ఎవరూ తెలుగులో విడమరచలేదు. సంస్కృత శాసనాల్లో కూడా ఆ మాట చిన్న చిన్న మార్పులతో అలాగే ఉండిపోయింది. అంటే శాసనాలు రాసే పండితుల కాలానికే దాని అసలు అర్థం మరుగున పడిందని అనుకోవాలి.

మాట రూపాలు

ఈ మాట మనకు ఒకే రూపంలో దొరకదు. కాకతి, కాకతీయ, కాకత్య, కాకిత, కాకర్త్య అని రకరకాలుగా కనిపిస్తుంది. వీటిలో అన్నిటికన్నా పాత సాక్ష్యం ఓరుగల్లుకు దూరంగా, కృష్ణా తీరానికి దగ్గరగా దొరికింది. అది నందిగామ ప్రాంతంలోని మాగల్లు తామ్రశాసనం. తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడు 956లో ఇచ్చిన దానపత్రం అది. దాన్ని ఇమ్మని రాజును కోరిన సేనాని పేరు కాకర్త్య గుండ్యన. దానం పుచ్చుకున్న బ్రాహ్మణుడు దొమ్మన. గుండ్యన తరఫున కర్పటి వ్రతం చేసినందుకు అతనికి మాగల్లు ఊరు దక్కింది. తన మేలు కోసం వ్రతం చేసిన మనిషికి ఒక సేనాని రాజుతో ఊరు ఇప్పించుకున్న మామూలు వ్యవహారంలో, తెలుగునేలను తర్వాత శాసించబోయే వంశం పేరు తొలిసారి రాగి రేకు మీదికి ఎక్కింది.

ఈ రేకులో గమనించాల్సింది రెండు సంగతులు. మొదటిది: 'కాకర్త్య' అనేది గుండ్యన అనే పేరుకు ముందు, ఈనాటి మన ఇంటిపేరు నిలిచే చోట నిలిచింది. రెండోది: అదే శాసనం అతని పెద్దలను గుండియ రాష్ట్రకూటుడు, ఎరియ రాష్ట్రకూటుడు, బేతియ అని వరుసగా చెప్పింది గానీ, కాకర్త్య అంటే ఏమిటో చెప్పలేదు. అప్పటి వినేవారికి అది చెప్పనక్కర్లేని సంగతి అయి ఉండాలి.

తర్వాత రెండు వందల ఏళ్లకు రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందు వేయించిన 1163 నాటి శాసనం వంశాన్ని ఘనంగా కీర్తిస్తుంది. ప్రోలరాజు గెలుపులు, రుద్రుని దండయాత్రలు పద్యాల్లో చెప్పింది. కవి అచింతేంద్రుడు మాటల పొదుపు పాటించినవాడేమీ కాదు. అయినా వంశం పేరు ఎందుకొచ్చిందనే కథ అందులో లేదు. ఆ కథ చెప్పాలనే కోరిక గణపతిదేవుని కాలంలో గాని పుట్టలేదు.

మొదటి వాదన: కాకతి ఒక ఊరు

గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా పాలించాడు. తీరాంధ్రం చేతికి వచ్చి, రాజ్యం పెద్దదై, ఇతర రాజకుటుంబాలతో వియ్యమందిన కాలం అది. వంశవృక్షం అవసరమైన కాలం కూడా అదే. గణపతిదేవుని సోదరి మైలమ ఇప్పటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో చెరువు తవ్వించి, గట్టు దగ్గర శాసనం నిలిపింది. దుర్జయుడనే పూర్వీకుని వంశంలో వెన్నడనే వాడు పుట్టాడని, అతడు కాకతిలో ఉండి పాలించాడని, అందుకే అతని సంతతి కాకతీశులయ్యారని ఆ శాసనం చెబుతుంది. తర్వాత ముగ్గురు గుండలను పేర్కొని వారిని ముగ్గురు రాములతో పోల్చింది. ఆ పైన ఎర్రన, పిండిగుండన, బేతరాజు వస్తారు. మాగల్లు రేకులోని గుండ, ఎర, బేత పేర్లు ఈ వరుసతో చాలావరకు సరిపోతాయి. బయ్యారం శాసనాన్ని చరిత్రకారులు ఇంతగా నమ్మడానికి ఆ సరిపోలికే కారణం. చెరువుగట్టు మీది రాయి, మూడు వందల ఏళ్ల కిందటి రాగిరేకు ఒకదాన్నొకటి చూడకుండానే ఒకే సాక్ష్యం చెప్పాయి.

1260 నాటి గరవపాడు శాసనం ఇదే ఊరిని మరో కథతో చెబుతుంది. దుర్జయుని సంతతివాడైన కరికాల చోళుడు వేటకు వచ్చి కాకతి అనే పట్టణం చేరి అక్కడ విడిది చేశాడని దాని కథనం. కరికాలుడు సంగం కాలపు తమిళ రాజు. ఆయనను పూర్వీకుడని చెప్పుకోవడం ఆనాడు తెలుగునాట చాలా కుటుంబాలకు అలవాటు. కాబట్టి కథలో కరికాలుడిని పక్కన పెట్టవచ్చు. కానీ కట్టుకథలో కూడా 'కాకతి' ఊరి పేరుగానే నిలిచిందన్న సంగతిని పక్కన పెట్టలేం.

ఈ వాదానికి అసలు బలం ఓరుగల్లు చుట్టుపక్కలే దొరుకుతుంది. కాకతీయుల కొలువులో సేనానులుగా వెలిగిన కుటుంబాల పేర్లు చూడండి. రామప్ప గుడి కట్టించిన రుద్రుడు రేచర్లవాడు. కొండపర్తిలో గుడి, చెరువు నిలిపిన చౌండసేనాని మల్యాలవాడు. రేచర్ల, మల్యాల రెండూ ఊళ్లే. ఊరు వదిలి తరాలు గడిచినా ఊరి పేరు ఇంటిపేరుగా వెంట రావడం తెలుగువారికి కొత్త కాదు, ఇప్పటికీ మన ఇంటిపేర్లలో సగం మనం చూడని ఊళ్లే. కాకర్త్య గుండ్యన కూడా ఈ కోవలోకి సహజంగా ఇమిడిపోతాడు.

మరి ఆ ఊరు ఎక్కడ? కర్ణాటకలో బెళగావి పక్కన కాకతి అనే ఊరు ఇప్పటికీ ఉంది. కొందరు దాన్ని చూపారు. మరికొందరు ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ అన్నారు. చరిత్రకారుడు పరబ్రహ్మశాస్త్రి తన 1978 నాటి గ్రంథంలో కాకతీయులు మొదట రాష్ట్రకూటుల సేనానులుగా తూర్పుకు వచ్చారని, పూర్వీకుల పేర్లలో రాష్ట్రకూట అనే మాట, తొలి బేతరాజుకున్న గరుడ బేత అనే పేరు అందుకు గుర్తులని వాదించారు. అది ఒప్పుకుంటే పడమటి కాకతికి కొంత బలం వస్తుంది. కానీ 'రాష్ట్రకూట' అనేది ఆ కాలంలో ఊరి పెద్దల, అధికారుల హోదా మాట కూడా. అలా తీసుకుంటే ఆ బలం సడలుతుంది. ఎటు చూసినా పేరు పోలిక తప్ప, ఫలానా ఊరే ఇదని గట్టిగా చెప్పే శాసనం లేదు.

ఈ వాదానికి ఒక లోటు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. పాత రాజవంశాలు తమ మూలస్థానాన్ని బిరుదులో మోసుకు తిరిగేవి. రాష్ట్రకూటులు ఎక్కడ పాలించినా తమను లట్టలూరు పురవరాధీశ్వరులని చెప్పుకున్నారు. కాకతీయులు మాత్రం తమ శాసనాల్లో అనుమకొండ పురవరేశ్వరులమని చెప్పుకున్నారు. కాకతి అంత ముఖ్యమైన మూలస్థానమైతే బిరుదులో అది ఎందుకు లేదు? బహుశా అది చిన్న ఊరు, గొప్పగా చెప్పుకోవడానికి పనికిరానిది. లేక, వాళ్ల చేతి నుంచి ఎప్పుడో జారిపోయినది. ఈ రెండు జవాబులూ సాధ్యమే.

రెండో వాదన: కాకతి అమ్మవారు

వరంగల్‌లో ఎక్కువమంది నోట వినపడేది ఇదే. దీనికి పెద్ద సాక్షి కుమారస్వామి సోమపీథి. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కొలచాల మల్లినాథసూరి కొడుకు ఆయన. విద్యానాథుని ప్రతాపరుద్రీయానికి 'రత్నాపణం' అనే వ్యాఖ్య రాస్తూ, కాకతి అనేది దుర్గ రూపమని, ఆ శక్తిని కులదేవతగా కొలిచినందున రాజులకు కాకతీయులని పేరొచ్చిందని చెప్పాడు. పురాణాల్లో దుర్గకు ఉన్న పేర్లలో కాకతి కనపడదు. అందుకే ఈమె పురాణాల నుంచి దిగివచ్చిన దేవత కాదని, నేల మీద పుట్టి తర్వాత దుర్గలో కలిసిన గ్రామదేవత అని అనుకోవడం సబబు.

ఆమె ఓరుగల్లులో నిజంగా ఉండేదనడానికి సాక్ష్యాలున్నాయి. వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రచారంలో ఉన్న క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అంగళ్లు, పూటకూళ్ల ఇళ్లు, ఆటలు, గుళ్లు చూస్తూ పోతుంటే వారికి కాకతమ్మ విగ్రహం ఎదురవుతుంది. ఏకవీరను ఆ అమ్మకు తోడుగా చెప్పడం కూడా అందులో ఉంది. వరంగల్ దగ్గర మొగిలిచెర్లలో ఏకవీర పాత ఆలయం ఇప్పటికీ ఉందని తెలిసినవారికి ఆ మాట వట్టి కవిత్వం అనిపించదు. పుర వీధుల్ని కళ్లకు కట్టించే రచన అది, నగరంలో లేని గుడిని కల్పించాల్సిన అవసరం ఆ కవికి లేదు.

ఇంకొక సాక్ష్యం రాతి మీద ఉంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక రెండు వందల ఏళ్లకు దగ్గరగా, 1504లో వరంగల్‌ను ఏలుతున్న షితాబ్ ఖాన్ ఒక శాసనం వేయించాడు. షితాబ్ ఖాన్ అనేది పేరుకే, ఆయన తెలుగువాడైన సీతాపతి. తురుష్కుల చేతిలో చెడిపోయిన జగన్మాతృక విగ్రహాన్ని, కాకతి రాజ్యపు పద్మపీఠాన్ని తిరిగి నిలిపానని ఆ శాసనంలో చెప్పుకున్నాడు. కాకతీయ రాజులెవరూ లేరు, రాజ్యం లేదు, అయినా వరంగల్‌ను ఏలదలచినవాడు మొదట ఆ అమ్మ పీఠాన్ని నిలబెట్టాల్సి వచ్చింది. దేవతకు, రాజ్యానికి ఉన్న ముడి జనం మనసుల్లో ఎంత గట్టిగా పడిందో చెప్పడానికి ఇంతకు మించిన రుజువు దొరకదు.

అయితే తేదీలు చూస్తే ఒక చిక్కు వస్తుంది. సోమపీథి రాసింది పదిహేనో శతాబ్దిలో, అంటే రాజ్యం పోయాక. షితాబ్ ఖాన్ శాసనం పదహారో శతాబ్ది తొలినాళ్లది. కాకతమ్మను కొలిచేవారని ఇవి రుజువు చేస్తాయి. ఆ కొలుపు నుంచే వంశం పేరు వచ్చిందని మాత్రం రుజువు చేయలేవు. దేవత పేరు వంశానికి వచ్చిందా, వంశం పేరే దేవతకు వచ్చిందా అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

మూడో వాదన: జైన దేవత, గుమ్మడి

హనుమకొండలో పద్మాక్షి గుట్ట ఎక్కినవారికి రాతిలో చెక్కిన జైన తీర్థంకరుల బొమ్మలు కనిపిస్తాయి. అక్కడి 1117 నాటి శాసనం, రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ కడలాలయ బసది అనే జైన ఆలయం కట్టించిందని చెబుతుంది. బయ్యారం మైలమ వేరు, ఈమె వేరు. తొలినాటి కాకతీయుల చుట్టూ జైనం బలంగా ఉండేదని దీనివల్ల తెలుస్తుంది. దీన్ని పట్టుకుని, కాకతి మొదట జైన యక్షిణి అని, వంశం శైవం వైపు మళ్లాక ఆమె దుర్గగా మారిందని కొందరు అన్నారు. ఒకరు పద్మావతి అంటే మరొకరు కూష్మాండిని అన్నారు.

కూష్మాండిని అన్నచోటే గుమ్మడికాయ వచ్చింది. కూష్మాండం అంటే బూడిద గుమ్మడి. కాకతికి గుమ్మడి అనే అర్థం చెప్పి, కూష్మాండినితో ముడిపెట్టే వాదన వరంగల్ చరిత్ర గురించిన తెలుగు రచనల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. ఇంటి ముందు దిష్టికి బూడిద గుమ్మడి కట్టే అలవాటు, అమ్మవారికి జంతుబలి బదులు గుమ్మడికాయ కొట్టే ఆచారం మనకు ఎదురుగానే ఉన్నాయి కాబట్టి ఈ మాట చెవికి ఇంపుగా తగులుతుంది. సంస్కృతంలో దోసజాతి కాయను కర్కటి అంటారు. మాగల్లు రేకులోని కాకర్త్యలో రేఫ ఉంది కాబట్టి రెండింటినీ కలపాలనీ అనిపిస్తుంది.

కానీ ఇంపు వేరు, రుజువు వేరు. కాకతి మాటను గుమ్మడి అర్థంలో వాడిన ఒక్క పాత ప్రయోగం చూపిస్తే ఈ వాదన నిలబడుతుంది. లేనంతవరకు ఇది ఊహే. రేఫ సంగతికి కూడా మరో దారి ఉంది. మామూలు జనం నోట నలిగిన కాకత్య రూపాన్ని సంస్కృతం తెలిసిన లేఖకుడు పెద్దమాటగా చూపడానికి కాకర్త్య అని రాసి ఉండవచ్చు. లేదా, మొదట ఉన్న రేఫ నోటి వాడుకలో జారిపోయి ఉండవచ్చు. రెండు మార్పులూ మన భాషల్లో తరచు జరిగేవే. ఏది జరిగినా గుమ్మడికాయ అవసరం రాదు.

జైన వాదనలో నిలిచే భాగం ఒకటుంది. అనుమకొండ గుట్టల మీద ఒకే దేవత జైనుల చేతిలో ఒక పేరుతో, శైవుల చేతిలో మరో పేరుతో పూజలందుకుని ఉండడం జరగనిదేమీ కాదు. పద్మాక్షి ఆలయంలో ఈనాటికీ రెండు సంప్రదాయాల గుర్తులూ పక్కపక్కనే ఉన్నాయి. కానీ ఆమె పేరు కాకతి అని చెప్పే జైన శాసనం లేదు.

నాలుగో వాదన: తర్వాతి కాలపు కథలు

కాసె సర్వప్ప ద్విపదలో రాసిన సిద్ధేశ్వర చరిత్ర, ఏకామ్రనాథుని ప్రతాపచరిత్ర వంశం పుట్టుకను ఇంకోలా చెబుతాయి. సిద్ధేశ్వర చరిత్రలో పూర్వీకులది కందారపురం. అక్కడి రాణి అనుమకొండకు పారిపోయి వచ్చి మాధవవర్మను కంటుంది. అతనికి పద్మాక్షి అమ్మవారు కత్తి, డాలు ప్రసాదిస్తుంది. కందారపురాన్ని మహారాష్ట్రలోని కంధార్ అని గుర్తించారు. రాష్ట్రకూటులతో ఆ ఊరికి సంబంధం ఉంది కాబట్టి పడమటి నుంచి వచ్చారన్న జ్ఞాపకం ఈ కథలో మిగిలి ఉండవచ్చు. అంతకు మించి ఈ పుస్తకాలను సాక్ష్యంగా తీసుకోలేం, వీటిని బలపరిచే శాసనం ఇంకెక్కడా లేదు. అవి రాజ్యం పోయాక ప్రజలు తమ రాజులను ఎలా తలచుకున్నారో చెబుతాయి. ఆ మేరకు అవీ విలువైనవే.

దంతెవాడ చెప్పే పాఠం

ఓరుగల్లు పడిపోయాక వంశంలో ఒక శాఖ అన్నమదేవుని వెంట బస్తర్ అడవులకు వెళ్లిందని అక్కడి రాజకుటుంబం చెప్పుకుంటుంది. దంతెవాడలో దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనం కూడా తమ వంశాన్ని ఓరుగల్లు కాకతి ప్రతాపరుద్రునితో కలిపింది. 2022 జులైలో వరంగల్‌లో జరిగిన కాకతీయ వైభవ సప్తాహానికి బస్తర్ రాజకుటుంబ వారసుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ వచ్చినప్పుడు జనం ఎంత ఆదరంగా చూశారో గుర్తుండే ఉంటుంది.

ఆ వంశావళి ఎంతవరకు నిజమన్నది వేరే చర్చ. మన ప్రశ్నకు పనికొచ్చేది అక్కడి దేవత. బస్తర్ రాజుల కులదేవత దంతేశ్వరి, ఆమె ఉన్న ఊరు దంతెవాడ. ఊరి పేరూ అమ్మ పేరూ ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేనంతగా కలిసిపోయాయి. తెలుగునాట ఇది అడుగడుగునా ఉంది. మాహూరులోని రేణుక మనకు మాహురమ్మ. కొల్హాపురం మహాలక్ష్మి తెలుగు పల్లెల్లో కొల్లాపురమ్మ అయింది. కొల్హాపురం ఎక్కడుందో తెలియని పల్లె కూడా కొల్లాపురమ్మకు బోనం పెడుతుంది. ఊరు వెనకబడిపోయింది, అమ్మ మాత్రం భక్తులతో కలిసి నడిచి వచ్చింది.

ఇది కాకతికి అన్వయించి చూస్తే మొదటి రెండు వాదనల మధ్య గొడవ చాలావరకు తీరిపోతుంది. కాకతి అనే ఊరు ఉండేది, అక్కడి అమ్మ కాకతమ్మ. ఆ ఊరి నుంచి కదిలిన సేనాని కుటుంబం ఊరి పేరును ఇంటిపేరుగా, అమ్మను కులదేవతగా వెంట తెచ్చుకుంది. తరాలు గడిచి ఊరు మరుపున పడింది. బయ్యారంలో శాసనం రాయించిన మైలమ కుటుంబ జ్ఞాపకాన్ని బట్టి ఊరి సంగతి చెప్పింది. ఇంకో రెండు వందల ఏళ్లకు వ్యాఖ్య రాసిన సోమపీథికి కళ్లెదుట ఉన్నది అమ్మవారే కాబట్టి ఆమె సంగతి చెప్పాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు.

ఏది ఎంత నమ్మవచ్చు

ఆధారాలను వరుసలో పెడితే లెక్క ఇలా తేలుతుంది. కాకతి అనేది 956 నాటికే వంశనామంగా ఉందన్నది రుజువైన సంగతి. గణపతిదేవుని కాలానికి ఆ కుటుంబమే దాన్ని ఊరి పేరుగా చెప్పుకుందన్నదీ రుజువైనదే. ఓరుగల్లులో కాకతమ్మ అనే దేవత పూజలందుకుందన్నదానికి మంచి సాక్ష్యం ఉంది. ఊరూ అమ్మా ఒకే పేరున ఉండేవారన్నది ఈ మూడింటినీ కలిపి చూపే సమంజసమైన ఊహ. ఆమె మొదట జైన దేవత అన్నది సాధ్యమే గాని నిరూపణ కాలేదు. గుమ్మడి అర్థానికి ఆధారం లేదు. ఆ మాట మొదట ఏ భాషది, ఊరికి ఆ పేరు ఎందుకొచ్చింది అన్నది ఇంకా తెరుచుకోని తలుపు.

మన పాఠ్యపుస్తకాలు, గైడ్లు ఈ తేడాలు చూపకుండా ఒక్కొక్కటీ ఒక్కో వాదనను తేలిపోయిన నిజంలా రాస్తున్నాయి. పిల్లలు ఒక పుస్తకంలో అమ్మవారని చదివి, మరో పుస్తకంలో గుమ్మడికాయని చదివి, పరీక్షలో ఏది రాయాలో తెలియక తికమకపడుతున్నారు. 'ఈ మాట అర్థం పూర్తిగా తేలలేదు, తెలిసినంతవరకు సాక్ష్యాలివి' అని రెండు వాక్యాలు రాస్తే చరిత్రకు లోటు రాదు. చరిత్ర ఎలా తయారవుతుందో కూడా పిల్లలకు తెలుస్తుంది.

ఇంకా ఆశ ఉంది. మాగల్లు రేకులు దొరక్కపోయి ఉంటే కాకతీయుల తొలినాళ్లు మనకు చాలావరకు చీకటే. అలాంటి రేకు మరొకటి పొలంలోనో, పాత ఇంటి గోడలోనో ఉండవచ్చు. చెరువుగట్ల మీద, గుడి ముందు, పొలం గట్టున అక్షరాలున్న రాయి కనిపిస్తే దాన్ని పగలగొట్టకండి, సున్నం కొట్టకండి, గుంజకు ఆసరాగా పాతకండి. ఫోటో తీసి పురావస్తు శాఖకో, దగ్గర్లోని కళాశాల చరిత్ర అధ్యాపకులకో చెప్పండి. కాకతి అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబు వస్తే అలాంటి రాయి మీద నుంచే వస్తుంది.